ట్రాన్సిస్టర్ ఎవరి సొత్తు?

సాహిత్య పాఠాలు చెప్పుకునే నన్ను ఈ విషయంలోకి లాగింది ఒక మాట. మన తెలుగుదేశంలో చాలాకాలం ట్రాన్సిస్టర్ అంటే భుజాన తగిలించుకు తిరిగే రేడియో. లోపలి భాగం పేరు వస్తువు మొత్తానికి వచ్చింది. భాషలో యిది మామూలే. కాని ఆ భాగమేమిటో, అది ఎవరి శ్రమో అడగవలసిన పని యీ వాడుకలో మరుగునపడింది.

జెర్మేనియం పరమాణువుకు బయటి పొరలో 4 ఎలక్ట్రాన్లు వుంటాయి. దాని స్ఫటికంలో లేశమంత ఆర్సెనిక్ కలిపితే కొన్ని ఎలక్ట్రాన్లు అదనంగా మిగులుతాయి. ఇండియం కలిపితే కొన్ని తక్కువై ఖాళీలు ఏర్పడతాయి. ఒక రకం పొరను మిక్కిలి పలుచగా చేసి, రెండవ రకం పొరల నడుమ యిమిడిస్తే అదే ట్రాన్సిస్టర్. నడిమి పొరకిచ్చే స్వల్ప విద్యుత్తు, ఈ కొసనుంచి ఆ కొసకు పారే పెద్ద ప్రవాహాన్ని అదుపులో వుంచుతుంది. కాలువ తూము దగ్గర ఒక్క మనిషి తలుపు ఎత్తి దించితే వందల ఎకరాల నీరు మారదూ! పాత రేడియో వాల్వు కూడా యీ పనే చేసేది; కాని దానికి లోపల తీగ వేడెక్కాలి.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ దీని తొలి రూపాన్ని పనిచేయించారు. నేను పైన చెప్పిన పొరల రూపం షాక్లీ ఆలోచన. 1956లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. కథ సాధారణంగా యిక్కడితో ముగుస్తుంది. నాకు అనుమానం మొదలయ్యేది యిక్కడే.

1948లో పారిస్‌లో మటారే, వెల్కర్ అనే యిద్దరు స్వతంత్రంగా యిటువంటిదే తయారు చేశారు. సముద్రానికి రెండు వైపులా ఒకే ఆలోచన ఎందుకు ఫలించింది? రెండవ ప్రపంచయుద్ధపు రేడార్లకు మేలైన స్ఫటికాలు కావలసివచ్చాయి. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం ప్రభుత్వ యుద్ధనిధులతో జెర్మేనియంపై పరిశోధించింది; మటారే జర్మనీ రేడార్ పనిలో వున్నవాడే. ఇంకా వెనక్కు పోతే, సోవియట్ యువకుడు లోసెవ్ 1922లోనే జింకైట్ స్ఫటికంతో రేడియో సంకేతాలను పెద్దవి చేశాడు. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు.

ఇందరి కృషిపై నిలిచిన విద్యకు బెల్ సంస్థ 1952లో ఒక్కొక్క కంపెనీవద్ద 25,000 డాలర్లు ముందుగా పుచ్చుకున్నది. తరువాత పాత పేటెంట్లను రాయల్టీ లేకుండా విడిచిందంటే అది ఔదార్యం కాదు. గుత్తాధిపత్యం నేరం మీద అమెరికా ప్రభుత్వమే 1949లో దావా వేసింది. 1956 రాజీలో ఆ షరతుకు సంస్థ తలవంచింది.