దొరికినోడు నీ పేరు చెప్తే? గంజాయి కుట్ర కేసులూ, అప్పీళ్ళ కథా

మాది ప్యాపిలి. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. డోన్ నుంచి గుత్తికి పోయే దారిలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. హైదరాబాదు, బెంగళూరు బండ్లన్నీ రాత్రింబగళ్ళు మా ఊరి పక్కనుంచే పోతాయి. ఇట్లాంటి రోడ్డు పక్క ఊళ్ళ పిల్లోళ్ళకి ఈ సంగతి తెలిసుండాలి.

ఒకటి ఊహించుకోండి. ఎక్కడో కారులో గంజాయి దొరికింది. మీరు ఇంట్లో ఉన్నారు. మీ దగ్గర చిటికెడు కూడా లేదు. కానీ దొరికినోడు పోలీసుల ముందు మీ పేరు చెప్పాడు. ఇప్పుడు మీరు కూడా ముద్దాయే.

1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 29 అని ఒకటుంది. కుట్రలో ఉన్నారని రుజువైతే సరుకు మోసినోడికి ఎంత శిక్షో మీకూ అంతే. ఆ శిక్ష కూడా చిన్నది కాదు. 2001కి ముందు గంజాయికి గరిష్ఠంగా 5 ఏళ్ళు. ఆ ఏడాది చట్టం మార్చి తూకం లెక్క తెచ్చారు. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ళు, కనీసం లక్ష రూపాయల జరిమానా. జడ్జిగారికి జాలి కలిగినా అంతకు తగ్గించే వీల్లేదు. 19 కిలోలైతే ఆ కనీసం అనేదే లేదు. అంటే అప్పీల్లో శిక్ష తగ్గాలంటే కన్నీళ్ళు పనిచేయవు, తక్కెడే మాట్లాడాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మరి ఇంకొకడు చెప్పిన మాట మీద శిక్ష వేయొచ్చా? ఈ ప్రశ్న చాలా పాతది. పోలీసుల ముందు ఒప్పుకున్నది ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టంలోనే, సెక్షన్ 25లో రాశారు. కొట్టి ఒప్పించుకుంటారేమో అన్న భయం బ్రిటిషోడికీ ఉందన్నమాట.

మన తెలుగు గడ్డ మీద నుంచే ఒక కేసు లండన్ దాకా పోయింది. పాకాల నారాయణస్వామి కేసు. పిఠాపురం మనిషి బరంపురం పోయాడు, శవం పూరీలో రైలు పెట్టెలో, ట్రంకులో దొరికింది. 1939లో ప్రివీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. దర్యాప్తులో పోలీసులకి ఇచ్చిన స్టేట్‌మెంటు చెల్లదంది. కానీ శిక్ష మాత్రం రద్దు చేయలేదు, మిగతా సాక్ష్యం చాలంది! స్టేట్‌మెంటు పడిపోతే కేసు పడిపోయినట్టే అనుకునే వాళ్ళు ఈ ముక్క చూడాలి.

డ్రగ్స్ కేసుల్లో చాలాకాలం ఒక పక్కదారి ఉండేది. పట్టుకునేది పోలీసులు కాకుండా వేరే శాఖ అధికారులైతే, వాళ్ళ ముందు సెక్షన్ 67 కింద ఇచ్చిన స్టేట్‌మెంటుని ఒప్పుకోలుగా వాడేవాళ్ళు. వాళ్ళు 'పోలీసులు' కాదు కదా అన్నది వాదన. 2020 అక్టోబరు 29న తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. అంత దగ్గరి పోటీ.

ఇప్పుడు మన హైదరాబాదు కేసు. పేర్లు చెప్పను, ఆ మనుషులు బయటపడ్డారు, వాళ్ళ బతుకు వాళ్ళది. 2009 మే నెలలో టాస్క్‌ఫోర్స్ పోలీసులు ఒక టొయోటా క్వాలిస్ ఆపారు. మూటల్లో 80 కిలోల గంజాయి అని రాసుకున్నారు. బండిలో ఉన్నది ఇద్దరు. ఆ ఇద్దరూ చెప్పారంటూ ఇంకో ఇద్దరిని కలిపారు. 2010లో నలుగురికీ 10 ఏళ్ళ జైలు, లక్ష జరిమానా. హైకోర్టుకి అప్పీలు చేసుకున్నారు. అది తేలింది 2022లో. 10 ఏళ్ళ శిక్ష మీద అప్పీలుకి పన్నెండేళ్ళు! అక్కడా ఓడిపోయారు.

2024 మార్చి 1న సుప్రీంకోర్టు, జస్టిస్ గవాయ్, జస్టిస్ సందీప్ మెహతా ఆ కాగితాలు మళ్ళీ చదివారు. గంజాయితో పాటు పచ్చిమిరపకాయలు కూడా ఉన్నాయంట. వాటిని వేరు చేసి తూచలేదు. మరి అందులో గంజాయి ఎంత, మిరపకాయలెంత? 20 కిలోలు దాటిందని ఎట్లా చెప్తారు? అదిగో, తక్కెడ మాట్లాడింది. శాంపిళ్ళ లెక్క కుదరలేదు. సెక్షన్ 52ఎ ప్రకారం మేజిస్ట్రేటు ముందు జరగాల్సిన పని జరగలేదు. అందుకని ఫోరెన్సిక్ రిపోర్టు చిత్తుకాగితంతో సమానమని తేల్చారు. ఇక పేరు చెప్తే ఇరుక్కున్న ఆ ఇద్దరి మీదైతే, పోలీసుల ముందు చెప్పిన మాట తప్ప కుట్రకి వేరే సాక్ష్యమే లేదు. నలుగురినీ వదిలేశారు. దాదాపు 15 ఏళ్ళు పట్టింది.

నాకైతే ఇందులో రెండు వైపులా కోపం వస్తుంది. గంజాయి మన ఊళ్ళలో పిల్లల్ని ఏం చేస్తుందో చూస్తున్నాం, నిజంగా అమ్మినోడు ఇట్లా మిరపకాయల దగ్గర తప్పించుకుంటే ఎవరికి నష్టం? అమాయకుడైతే ఆ పదిహేనేళ్ళు ఎవరిస్తారు? రెండింటికీ కారణం ఒకటే, మొదటి రోజు పని సరిగ్గా చేయకపోవడం.

అప్పీలు నడుస్తుండగా బయటికి రావచ్చా అంటే, అసలు శిక్ష నిలిపే వీల్లేదని 1985 చట్టానికి తర్వాత ఒక సెక్షన్ కలిపారు. 2000లో సుప్రీంకోర్టు కోర్టుల చేతులు కట్టేసే ఆ భాగాన్ని కొట్టేసింది. అయినా పెద్ద మొత్తం కేసుల్లో సెక్షన్ 37 షరతులు దాటడం మామూలు విషయం కాదు.

మనవాళ్ళ అప్పీలు హైకోర్టుకే పోవాలి. 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 నుంచి అమరావతి. సీమకి హైకోర్టు కావాలన్న గొడవ వేరే ఎపిసోడ్ చేద్దాం. తీర్పు వచ్చాక గడువు 60 రోజులు. లాయరుకి డబ్బుల్లేవని ఊరుకోవద్దు, జైల్లో ఉన్న ఎవరికైనా 1987 చట్టం కింద న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. జైలు అధికారి చేతికిచ్చినా అప్పీలు కోర్టుకి చేరాల్సిందే. తీర్పు కాపీ ముద్దాయికి ఉచితం. అది తీసుకుని మొదట చూడాల్సినవి రెండు: తూకం ఎట్లా వేశారు, మీవాడి పేరు ఎవరి నోటి నుంచి వచ్చింది.