సినీగీత రచయిత హక్కు: 1957 చట్టం నుంచి డిజిటల్ యుగం దాకా

ఉపోద్ఘాతం

‘మాయాబజార్’ విడుదలైన 1957లోనే భారత కాపీరైట్ చట్టమూ రూపొందింది. ఆ చిత్రానికి మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు. నేటి నిబంధనల ప్రకారం చలనచిత్రానికి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, సాహిత్య రచనకు రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఈ లెక్కన మూల చిత్రంపై హక్కు 2017తో ముగిసింది. పాటల సాహిత్యంపై హక్కు మాత్రం 2031 చివరి వరకు నిలుస్తుంది. అంటే చట్టం దృష్టిలో సినీగీతం సినిమాలో ఒక భాగం మాత్రమే కాదు, స్వతంత్ర సాహిత్య రచన కూడా. అయినా ఆ గుర్తింపు ఫలం రచయితకు దక్కడానికి ఎందుకు ఆలస్యమైందో, డిజిటల్ యుగంలో దాని పరిస్థితి ఏమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1977 తీర్పు

రచయితలు, స్వరకర్తల పక్షాన రుసుములు వసూలు చేయడానికి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969లో ఏర్పడింది. అది ప్రకటించిన రుసుముల పట్టికకు నిర్మాతలు, థియేటర్ల యజమానులు అభ్యంతరం చెప్పారు. కాపీరైట్ బోర్డు సొసైటీ పక్షాన నిలిచినా, కలకత్తా హైకోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది. 1977లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే సమర్థించింది. నిర్మాత ప్రతిఫలమిచ్చి రాయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రథమ హక్కుదారు నిర్మాతేనన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ జోడించిన వ్యాఖ్య గమనార్హం. అప్పటి నిర్వచనం ప్రకారం సంగీత కృతి అంటే లిపిబద్ధమైన స్వరరచనే. గాయకుడికి హక్కు లేదు. గానమే ప్రాణమైన భారతీయ సంగీతానికి ఇది లోపమని ఆయన పార్లమెంటు దృష్టికి తెచ్చారు. 1994 సవరణ ఆ నిర్వచనాన్ని మార్చి, ప్రదర్శకులకు కూడా హక్కు కల్పించింది. సినీగీత రచయిత స్థితి మాత్రం 1977 తీర్పు దగ్గరే ఉండిపోయింది.

2012 సవరణ

ఈ స్థితిని మార్చింది 2012 సవరణ. రాజ్యసభ సభ్యుడిగా ఉన్న కవి జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా వాదించారు. అందులో రెండు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది: థియేటర్లో సినిమాతోపాటు ప్రదర్శించడం మినహా మరే వినియోగంలోనైనా వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంటుంది; ఆ వాటాను అతడు ఒప్పందం ద్వారా వదులుకోవడానికి కూడా వీల్లేదు. రెండవది: ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి, దాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, హక్కుల బదిలీ వర్తించదు.

అదే సవరణలో ప్రసార సంస్థలకు చట్టబద్ధ లైసెన్సు ఇచ్చే 31డి సెక్షన్ చేరింది. ఇది ఇంటర్నెట్ ద్వారా పాటలు అందించే సేవలకు వర్తించదని 2019లో టిప్స్–వింక్ వివాదంలో బొంబాయి హైకోర్టు తేల్చింది. 2022లో డివిజన్ బెంచ్ ఆ నిర్ణయాన్ని సమర్థించింది. కాబట్టి ఇలాంటి సేవలు ఆ సెక్షన్‌ను ఆశ్రయించకుండా, హక్కుదారులతో ఒప్పందం చేసుకుని లైసెన్సు పొందవలసి ఉంటుంది.

రచయిత పేరు

అయితే రాయల్టీ రచయితకు చేరాలంటే ముందు ఆ పాట ఎవరిదో నమోదు కావాలి. తెలుగులో ఇదే చిక్కు. ఒకే చిత్రానికి ఇద్దరు ముగ్గురు కవులు రాసినప్పుడు టైటిల్స్‌లో వారి పేర్లు కలిపి వేయడం పరిపాటి. ఏ పాట ఎవరిదో వాటినిబట్టి తెలియదు. శ్రోతలు కూడా పాటను చిత్రం పేరుతోనో, గాయకుల పేరుతోనో గుర్తుపెట్టుకుంటారు. హక్కులు బదిలీ చేసిన తరువాత కూడా కృతికర్తగా గుర్తింపు కోరే హక్కు 57వ సెక్షన్ ప్రకారం రచయితకు ఉంటుంది. కానీ కర్తృత్వానికి ఆధారం లేనిచోట ఆ హక్కును నిరూపించుకోవడం కష్టం.

ఉపసంహారం

ప్రాచీన కావ్యాల కర్తృత్వ నిర్ణయానికి తెలుగు పరిశోధకులు తాళపత్రాలను, గద్యలను, అవతారికలను పరిశీలించారు. సినీగీతాలకు అటువంటి ఆధారాలు థియేటర్ల వద్ద అమ్మిన పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డుల లేబుళ్లు, కవుల స్వహస్త ప్రతులు. వీటిని సేకరించి, పాటవారీగా రచయితను నిర్ధారించే పట్టికను తయారుచేయడం సాహిత్య చరిత్రకు ఎంత అవసరమో, కవుల వారసుల న్యాయమైన వాటాకూ అంతే అవసరం. పింగళి పాటల విషయంలో ఆ అవసరం 2031 వరకు ఉంటుంది. ఈలోగా పాటల పుస్తకాల కాగితం శిథిలమవుతూనే ఉంటుంది.