కౌశికలో ప్రభ, 1080 పిక్సెళ్లలో

అమలాపురంలో ఓ ఫొటో స్టూడియో. షట్టరు సగం దించేశారు. అంతర్జాతీయ ఫొటో సెలూన్‌కి ఎంట్రీలు పంపడానికి ఆ రాత్రి పన్నెండే ఆఖరి గడువు. కంప్యూటర్ ముందు స్టూడియో యజమాని, కుర్చీ వెనక అసిస్టెంటు కుర్రాడు.

కనుమనాటి ఫొటో అది. జగ్గన్నతోట తీర్థానికి బయల్దేరిన గంగలకుర్రు ఊరి ప్రభ కౌశిక ఏట్లోకి దిగింది. మోసేవాళ్లకి పీకల్లోతు నీళ్లు. వెదురు, తాటి శూలాలు, రంగు రంగుల నూలుతో కట్టిన ప్రభ ఓ పక్కకి ఒరిగింది. శరభ, శరభ అని అరుస్తున్న నోళ్లు. సరిగ్గా వాటి ముందుకి పొడుచుకొచ్చిన ఓ చెయ్యి. చేతిలో ఫోను, ఫోను తెర మీద అదే ప్రభ, వేలెడంత.

"చెరిపేద్దామండి గురువుగారూ. ఏఐతో అర నిమిషం పనండి."

"ఏ విభాగానికి పంపుతున్నాంరా?"

"ఫొటో ట్రావెలండి."

"మరి?"

కుర్రాడు మాట్లాడలేదు. ఫియాప్, పీఎస్‌ఏ అనే ఫొటోగ్రఫీ సంస్థల గుర్తింపుతో జరిగే సెలూన్లలో ట్రావెల్ విభాగానికి నిబంధన గట్టిది. ఫ్రేములో ఉన్నదాన్ని తీయకూడదు, లేనిది పెట్టకూడదు, జరపకూడదు. దుమ్ము మచ్చలు తుడవొచ్చు, వెలుగునీడలు సరిచేయొచ్చు, అంచులు కత్తిరించొచ్చు. అంతే. ఈ నిబంధన న్యాయమైనదే. ఫలానా ఊళ్లో ఫలానా రోజున ఇలా జరిగిందని నమ్మే కదా చూసేవాడు ఆ బొమ్మ ముందు నిలబడేది!

అంచు కత్తిరించి చూశారు. చేతితో పాటు ముందు వరసలో మోస్తున్న ఇద్దరి మొహాలూ పోయాయి. వెనక్కి తెచ్చేశారు.

"పోనీ ఓపెన్ కలర్ విభాగంలో పెడదామండి. అక్కడ చెరపొచ్చు కదండి."

"అక్కడ ఇది ఏ ఊరి ప్రభ అయినా ఒకటేరా. ట్రావెల్లోనే వెళ్లాలి."

తర్వాతి చిక్కు కొలతది. ఆ సెలూన్ ఒప్పుకునేది అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ల లోపే. నిలువుగా తీసిన 4000, 6000 పిక్సెళ్ల ఫొటో అందులో పట్టాలంటే 720, 1080కి కుదించాలి. కుదించగానే ప్రభ మీది నూలు పోగులన్నీ కలిసిపోయి ముద్దగా కనిపించాయి. ముందే పదును పెట్టి కుదిస్తే లాభం లేదు. కుదించాక, ఆ సైజులో, కొంచెం కొంచెంగా షార్పెన్ చేసుకుంటూ పోయాడాయన. పోగుకి పోగు విడింది. నీళ్ల మీద గరుకు మొదలవగానే ఆపేశాడు.

జేపెగ్‌గా సేవ్ చేసి బ్రౌజర్లో తెరిస్తే ప్రభ మీది ఎర్ర నూలు వెలిసినట్టుంది. ఫైలు అడోబ్ ఆర్‌జీబీలో ఉండిపోయింది. ఎస్‌ఆర్‌జీబీకి మార్చి మళ్లీ సేవ్ చేశాడు. ఎరుపు నిండుగా వచ్చింది. ఫైలు 2 ఎంబీ లోపే ఉంది. స్టూడియో పేరున్న వాటర్‌మార్కు తీసేశాడు. తీర్పరులకి ఎవరి ఫొటోయో తెలియకూడదు.

కుర్రాడు రా ఫైలు వేరే డిస్కులోకి ఎక్కించాడు. అనుమానమొస్తే నిర్వాహకులు అసలు ఫైలు అడుగుతారు.

"టైటిల్ ఏం పెడదామండి?"

"కౌశిక దాటుతున్న గంగలకుర్రు ప్రభ. ఇంగ్లీషులో కొట్టు. ఊరి పేరు, ఏటి పేరు తప్పుల్లేకుండా చూడు."

"ఏ ఏడో కూడా రాయాలాండి?"

"అక్కర్లేదురా. ఆ ఫోను చూస్తే ఏ కాలమో తెలుస్తుంది."