పీలే వచ్చాడు... లీగ్ నిలిచిందా?

1975 జూన్ 15. న్యూయార్క్‌లోని డౌనింగ్ స్టేడియంలో సరిగ్గా గడ్డి కూడా లేదు. టీవీలో పచ్చగా కనబడాలని నిర్వాహకులు నేలకు రంగు కొట్టించారు. మ్యాచ్ అయ్యాక పాదాలకు అంటిన పచ్చరంగు చూసి, ఏదో చర్మవ్యాధి తగులుకుందని పీలే హడలిపోయాడట! కాస్మోస్ జట్టు తరఫున అదే అతని తొలి మ్యాచ్. డల్లాస్ టోర్నడోతో 2-2 డ్రా. అందులో ఒక గోల్ పీలేదే.

బ్రెజిల్‌లో ఆట చాలించిన ఆ మహానుభావుణ్ణి రప్పించడానికి కాస్మోస్ యజమాని వార్నర్ కమ్యూనికేషన్స్ డబ్బు కుమ్మరించింది. ఫలితమూ దక్కింది. 1977 ఆగస్టు 14న జెయింట్స్ స్టేడియానికి 77,691 మంది వచ్చారు. ఆ సెప్టెంబర్‌లోనే కాస్మోస్ కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో 2-2గా ముగించింది. ఆ రోజు బగాన్‌కు గోల్ కొట్టినవారిలో మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఒకడు. వారం తిరిగేసరికి, అక్టోబర్ 1న, పీలే ఆటకు వీడ్కోలు పలికాడు.

అసలు తంటా అక్కడే మొదలైంది. కాస్మోస్‌ను చూసి మిగతా జట్లూ అప్పుచేసి పప్పుకూడుకు దిగాయి. వయసు మళ్ళిన విదేశీ ఆటగాళ్ళకు జీతాలు పెరిగాయి కానీ, న్యూయార్క్‌లో నిండిన గ్యాలరీలు వేరే ఊళ్ళలో నిండలేదు. 1978లో 24 జట్లున్న వీళ్ళ లీగ్, నార్త్ అమెరికన్ సాకర్ లీగ్, 1984లో 9 జట్లకు దిగజారింది. అదే దాని ఆఖరి సీజన్. తప్పు పీలేది కాదు, అతణ్ణి చూసి లెక్క మరిచిన యజమానులది.

ఈ పతనాన్ని దగ్గర నుంచి చూసినవాడు డల్లాస్ టోర్నడో యజమాని లమార్ హంట్. 1996లో 10 జట్లతో మేజర్ లీగ్ సాకర్ మొదలైనప్పుడు అతను మళ్ళీ ముందుకొచ్చాడు. ఈ కొత్త లీగ్‌లో ఆటగాళ్ళ ఒప్పందాలు లీగ్ చేతిలోనే ఉంటాయి, జీతాలకు పరిమితి ఉంటుంది. 1999లో హంట్ కొలంబస్‌లో సాకర్ కోసమే ఓ స్టేడియం కట్టించాడు. నా దృష్టిలో అమెరికా సాకర్‌కు ఏ గోల్ కన్నా ఆ కట్టడమే మేలు చేసింది. అరువు మైదానాల్లో ఆడే జట్టుకు అద్దె ఖర్చే తప్ప ఆదాయం ఎక్కడిది?

2007లో డేవిడ్ బెక్‌హామ్ లాస్ ఏంజెలిస్ గెలాక్సీకి వచ్చినప్పుడు లీగ్ జీతాల కట్టడిని ఎత్తేయలేదు. ఒకరిద్దరు తారలకు మాత్రమే సందు ఇచ్చింది. బెక్‌హామ్ ఒప్పందంలోనే 2.5 కోట్ల డాలర్లకు కొత్త జట్టు కొనుక్కునే హక్కూ ఉంది. ఆ హక్కుతో పుట్టిందే 2020లో బరిలోకి దిగిన ఇంటర్ మయామి. 2023 జులైలో లియొనెల్ మెస్సీ చేరింది ఆ జట్టులోనే. అప్పటికి అది తన విభాగంలో అట్టడుగున ఉంది. ఆ మరుసటి నెలలోనే లీగ్స్ కప్ టోర్నీ గెలిచింది.

కాబట్టి విదేశీ తార రావడం లాభమే, కానీ లీగ్ ముందే తన కాళ్ళ మీద నిలబడి ఉండాలి. 2025 నాటికి మేజర్ లీగ్ సాకర్‌లో 30 జట్లున్నాయి.