అరిగితే తిరిగిరాని ‘గుజ్జు’

ఫిల్మ్‌నగర్‌: జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ పరిసరాల్లోని చిత్రీకరణల్లో నృత్యకళాకారులు, ఫైటర్లు ఎగిరి నేలపై దిగిన ప్రతిసారీ ఆ తాకిడిని భరించే వాటిలో మోకాలి మృదులాస్థి ఒకటి. వాడుకలో ‘గుజ్జు’గా పిలిచే ఇది ఎముకల చివరలను కప్పి, అవి ఒరుసుకోకుండా కాపాడుతుంది. చెవి డొప్పకు, ముక్కు కొనకు, శ్వాసనాళానికి ఆకృతినిచ్చేదీ మృదులాస్థే.

కీళ్ల మృదులాస్థిలో రక్తనాళాలు, నరాలు ఉండవు. కీలులోని ద్రవమే దానికి పోషణ. కదలికలతోనే ఆ పోషణ లోపలికి చేరుతుంది. రక్తప్రసరణ లేనందున దెబ్బతింటే తనంతట తాను మానడం కష్టం. నరాలు లేనందున తొలిదశలో అరుగుదల తెలియకపోవచ్చు. నొప్పి మొదలయ్యేసరికే నష్టం పెరిగి ఉండవచ్చు.

తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, బరువు నియంత్రణ కీళ్లపై భారాన్ని తగ్గిస్తాయి. మోకాలు వాచినా, పట్టేసినా ఎముకల వైద్యుని సంప్రదించాలి.