రాయి ముట్టని ఏప్రన్

ఫ్రీమేసన్లు అనగానే మనలో చాలామందికి డాన్ బ్రౌన్ నవలలు, యూట్యూబ్‌లో కుట్ర కథలు, త్రికోణంలో కన్ను గుర్తొస్తాయి. రహస్యాల మాటకొస్తే, అవి ఎప్పుడో బట్టబయలయ్యాయి. శామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన 1730లోనే వాళ్ళ తంతులన్నీ ‘మేసన్రీ డిసెక్టెడ్’ అన్న చిన్న పుస్తకంలో అచ్చేయించాడు. నాకు వింతగా తోచేది దాచినది కాదు, అందరికీ కనిపించేదే. జడ్జీలు, కల్నల్‌లు, నవాబులు, వకీళ్ళు చక్కగా నల్ల సూటు తొడుక్కుని, దాని మీద రాళ్ళు చెక్కేవాడి ఏప్రన్ కట్టుకుని కూర్చుంటారు. ఎందుకు?

దీనికి జవాబు ఇంగ్లండు, స్కాట్లండుల్లో ఉంది. మధ్యయుగాల్లో పెద్ద చర్చిలు కట్టే తాపీపనివాళ్ళు పని జరిగే చోటే ఒక పాక వేసుకునేవాళ్ళు. దాన్నే లాడ్జ్ అనేవారు. పని నేర్చుకునేవాడు, పని వచ్చినవాడు, మేస్త్రీ అని అంతస్తులుండేవి. పదిహేడో శతాబ్దానికి ఈ గుంపుల్లోకి ఉలి పట్టడం తెలీని పెద్దమనుషులు రావడం మొదలైంది. పండితుడు ఇలియాస్ ఆష్మోల్ తాను 1646లో వారింగ్టన్‌లో మేసన్ అయ్యానని డైరీలో రాసుకున్నాడు. ఆయన ఒక్క గోడ కూడా కట్టినవాడు కాదు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి, ఒక సారాయి దుకాణంలో గ్రాండ్ లాడ్జ్ పెట్టుకున్నాయని సంప్రదాయం చెప్తుంది. 1723లో జేమ్స్ ఆండర్సన్ నియమావళి అచ్చయింది. అప్పటికి పనివాళ్ళు దాదాపు తప్పుకున్నారు. పనిముట్లు మాత్రం మిగిలాయి.

ఆ పనిముట్లకి కొత్త అర్థాలు వచ్చాయి. ఇరవై నాలుగు అంగుళాల కొలబద్ద అంటే రోజులో ఇరవై నాలుగు గంటలు. సుత్తి, ఉలి మనిషిలోని మొరటుతనాన్ని చెక్కడానికి. లాడ్జ్‌లో చెక్కని రాయి ఒకటి, నునుపుగా చెక్కిన రాయి ఒకటి పెడతారు. మొదటిది కొత్తగా చేరినవాడు, రెండోది అతను కావలసినవాడు. లాడ్జ్ పెద్దని ‘వర్షిప్‌ఫుల్ మాస్టర్’ అంటారు. ఆయన మెడలో మూలమట్టం వేలాడుతుంది. ఆయన తర్వాతి ఇద్దరు వార్డెన్‌లలో సీనియర్‌కి మట్టం, జూనియర్‌కి తూకంగుండు. తలుపు బయట కత్తి దూసి నిలబడేవాడు టైలర్. నేల మీద నలుపు తెలుపు గళ్ళు.

మెట్లు మూడు. మొదటి మెట్టు తంతు మంచి నాటకంలా ఉంటుంది. చేరబోయేవాడి దగ్గరున్న డబ్బు, ఉంగరం, గడియారం, లోహమన్నదల్లా తీసేయిస్తారు. కళ్ళకి గంతలు, మెడలో తాడు, ఒక కాలి పంట్లాం మోకాలి దాకా మడత. అలా ప్రమాణం చేయించాక, పేదల కోసం ఏదైనా ఇవ్వమని అడుగుతారు. జేబులో పైసా ఉండదు. ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో గుర్తుంచుకో, రేపు నీ ముందుకి అలాంటివాడొకడు వస్తే సాయం చెయ్యి అంటారు. కులీనుడికి రెండు నిమిషాలపాటు పేదరికాన్ని రుచి చూపించే ఈ ఏర్పాటు నాకు నిజంగా నచ్చింది. ఈ తంతులోనే తెల్లటి గొర్రెతోలు ఏప్రన్ కూడా కడతారు. ఏ రాజు ఇచ్చే బిరుదుకన్నా ఇది గొప్పదని చెప్తారు.

కానీ ఆ తెలుపు ఎక్కువకాలం ఉండదు. రెండో మెట్టులో రెండు లేతనీలం రిబ్బను పూలు చేరతాయి. మూడో మెట్టులో పూలు మూడవుతాయి, చుట్టూ నీలం అంచు, వెండి కుచ్చులు వస్తాయి. గ్రాండ్ లాడ్జ్ అధికారులకైతే ముదురు నీలం, బంగారు జరీ. అందరం సమానమని చెప్పే బట్టే ఎవరు ఎంత ఎత్తులో ఉన్నారో కూడా చెప్పేస్తుందన్నమాట.

ఈ ఏప్రన్ 1730లో కలకత్తాలో దిగింది. కంపెనీ ఉద్యోగులు, సైనికులు తమలో తాము కట్టుకున్నంతకాలం పేచీ లేదు. అసలు ప్రశ్న మనవాళ్ళు తలుపు తట్టినప్పుడు వచ్చింది. నవాబులకైతే తలుపు తేలిగ్గానే తెరుచుకుంది. ఆర్కాటు నవాబు పెద్దకొడుకు ఉమ్దత్-ఉల్-ఉమ్రా 1770ల్లో తిరుచిరాపల్లిలో మేసన్ అయ్యాడు. నెల్లూరు సీమ కూడా అప్పట్లో ఆ నవాబుల ఏలుబడిలోదే. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జ్ సంబరపడి అతనికి ఒక ఏప్రన్, అందంగా బైండు చేయించిన నియమావళి పంపింది. అతను పారసీలో జవాబు రాశాడు. కంపెనీకి ఆర్కాటుతో ఉన్న అవసరం తెలిసినవాళ్ళకి ఈ సోదరప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టిందో విడిగా చెప్పక్కర్లేదు.

కలకత్తా వ్యాపారి ప్రసన్నకుమార్ దత్ నవాబు కాదు. 1863లో దరఖాస్తు పెట్టుకుంటే లోపలికి వెళ్ళడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. ఆసియా వాళ్ళని చేర్చుకోవాలంటే పైవాళ్ళ అనుమతి ఉండాలని బెంగాల్‌లో ఒక నిబంధన ఉండేది. హిందువులకి దేవుళ్ళు చాలామంది కదా, ఒకే పరమేశ్వరుణ్ణి నమ్ముతామని ప్రమాణం ఎలా చేస్తారన్నది ఒక అభ్యంతరం. కులం పాటించేవాళ్ళు సోదరభావం ఎలా పాటిస్తారన్నది ఇంకొకటి. దత్ పట్టు వదల్లేదు. మీ నియమావళిలో రాసుకున్నదే మీరు పాటించండి అన్నది అతని వాదన సారం. 1872లో గెలిచాడు. రెండో అభ్యంతరం మాత్రం, అన్నవాళ్ళ బుద్ధి ఏదైనా, నన్ను వదలడం లేదు. కిప్లింగ్ 1886లో లాహోర్‌లో మేసన్ అయ్యాడు. ఆ తర్వాత రాసిన ‘ద మదర్ లాడ్జ్’ పద్యంలో అన్ని మతాలవాళ్ళూ లోపల బ్రదర్ అని పిలుచుకుంటారు, బయటికొస్తే సలాములు మామూలే. వాళ్ళు కలిసి భోంచెయ్యరు, ఎవరి కులం ఎక్కడ చెడుతుందోనని.

దత్ గెలిచిన ఆ 1872 నుంచే హైదరాబాద్ గోషామహల్ బారాదరి మేసన్ల చేతిలో ఉంది. దాన్ని కట్టించింది అబుల్ హసన్ కుతుబ్‌షా అంటారు. మనకి రామదాసు కథలో తెలిసిన తానీషా ఆయనే. పేరులోనే గోషా ఉంది. ఆడవాళ్ళ పేరు మీద వెలసిన మహల్లో, ఆడవాళ్ళకి ప్రవేశం లేని సంఘం నూట యాభై ఏళ్ళు దాటి కూర్చుంటోంది. ఆండర్సన్ నియమావళి 1723లో బానిసల్నీ స్త్రీలనీ బయటపెట్టింది. బానిసత్వం రద్దయ్యాక 1847లో ఇంగ్లండు వాళ్ళు ‘స్వేచ్ఛగా పుట్టినవాడు’ అన్న మాటని ‘స్వేచ్ఛ గలవాడు’ అని మార్చుకున్నారు. స్త్రీల మాట అలాగే ఉండిపోయింది. 1902లో అనీబిసెంట్ చేరింది స్త్రీపురుషులిద్దర్నీ చేర్చుకునే వేరే శాఖలో. పాత గ్రాండ్ లాడ్జీలు దాన్ని గుర్తించలేదు.

1961లో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మన లాడ్జీల్లో బైబిల్ పక్కన గీత, ఖురాన్, గురుగ్రంథం, అవెస్తా కూడా పెడతారు. ఎవరి గ్రంథం మీద వాళ్ళు ప్రమాణం చెయ్యొచ్చు. ఇది చిన్న విషయం కాదు. దత్ లాంటివాళ్ళు పోట్లాడి తెచ్చుకున్నది.

అయితే నా లెక్కలో ఇంకొకరు మిగిలారు. మన దగ్గర సుత్తి, ఉలి ఉత్త ప్రతీకలు కావు. వడ్డెరవాళ్ళకి అవి కూడు పెట్టాయి, ఊళ్ళో తక్కువచూపూ తెచ్చాయి. దసరాకి పనిముట్లకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేది మర్నాడు వాటితోనే పని చెయ్యాలి కాబట్టి. యూరప్‌లో పెద్దమనుషులు పనివాడి ఏప్రన్ కట్టుకున్నప్పుడు, కనీసం ఆ పని గొప్పదని ఒప్పుకున్నారు. ఆ ఏప్రన్ మన దేశానికి వచ్చాక నవాబు కట్టుకున్నాడు, తొమ్మిదేళ్ళు కొట్లాడి వ్యాపారీ కట్టుకున్నాడు. దత్ తొమ్మిదేళ్ళూ తలుపు తట్టాడు కాబట్టి ఆ పేరు చరిత్రకెక్కింది. రాయి కొట్టేవాడు ఆ తలుపు తట్టిన కథ మాత్రం నేను చదివిన ఏ చరిత్రలోనూ కనపడలేదు.