గడ్డివాములో పుట్టిన అంకె

గుండెలో లోహపు కవాటం అమర్చినవాళ్ళో, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవాళ్ళో ఉన్న ఇంట్లో ఒక కాగితాల దొంతర తప్పకుండా ఉంటుంది. పది పదిహేను రోజులకో, నెలకో చేయించే రక్తపరీక్ష తాలూకు కాగితాలవి. మగవాళ్ళు చూసి జేబులో కుక్కుకుంటారు. తేదీల ప్రకారం సర్దిపెట్టి, “పోయినసారి 2.2 కదా, ఈసారి 2.6 వచ్చిందేమిటి?” అని కంగారుపడేది మనమే. ఆ అంకె వెనకాల ఇంత కథ ఉందంటే మొదట నేనే నమ్మలేదు సుమండీ!

1920ల్లో అమెరికాలోని ఉత్తర డకోటాలోనూ, పైనున్న కెనడాలోనూ పశువులు ఊరికే నెత్తురోడి చచ్చిపోయేవి. కొమ్ములు కోస్తే చాలు, రక్తం ఆగేది కాదు. స్వీట్ క్లోవర్ అనే గడ్డి తడిసి బూజుపడితే, అది తిన్న పశువుకే ఈ జబ్బని స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు పట్టుకున్నాడు. గడ్డిలో ఏముందో మాత్రం తేలలేదు.

1933 ఫిబ్రవరిలో, మంచు తుపానులో, కార్ల్‌సన్ అనే రైతు చచ్చిన పెయ్యనూ, పాలక్యాను నిండా గడ్డకట్టని నెత్తురునూ, ఆ పాడుగడ్డినీ బండిలో వేసుకుని దాదాపు 190 మైళ్ళు వచ్చి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ ముందు పెట్టాడు. ఆ గడ్డి పెట్టకండి అనడం తప్ప లింక్ ఆనాడు చెయ్యగలిగిందేమీ లేదు. ఆ క్యాను ఆయన్ని నిద్రపోనివ్వలేదు. గడ్డిలోని విషాన్ని స్ఫటికాలుగా విడదీసేసరికి 1939 వచ్చింది. దాని చుట్టమే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1954లో మనుషుల మందైంది. మరుసటేడు గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ అదే ఇచ్చారు. ఎలుకలు తిన్నది అధ్యక్షులవారూ తిన్నారన్నమాట!

రక్తం పలచబడే మాత్ర అంటాం గానీ, అది రక్తాన్ని పలచన చెయ్యదు. గడ్డకట్టించే పదార్థాలు కొన్నింటిని కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. మాత్ర ఆ సాయానికి అడ్డుపడుతుంది. పాత నిల్వలు అయ్యేదాకా ఫలితం కనబడదు కాబట్టి, మాత్ర మార్చిన మర్నాడే పరీక్ష చేయించి లాభం లేదు.

మరి ఎంత అడ్డుపడిందో తెలిసేదెలా? 1935లో ఆర్మాండ్ క్విక్ అనే ఆయన ఉపాయం చెప్పాడు. రక్తంలోని తేట తీసి, అందులో కుందేలు మెదడునుంచి తీసిన సరుకూ, కాల్షియమూ కలిపి, గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టడం. ఆరోగ్యవంతులకు సుమారు 12 సెకన్లు.

చిక్కంతా ఆ మెదడు సరుకుతోనే. అమెరికాలో వాడేది మొద్దుది, ఇంగ్లండులో వాడేది చురుకైనది. మొద్దు సరుకుతో సెకన్లు త్వరగా పెరగవు. ఇంకా మందు చాలలేదనుకుని అమెరికా డాక్టర్లు మోతాదు పెంచేవారు. అక్కడి రోగులకు రక్తస్రావాలూ ఎక్కువయ్యేవి. ఒకే జబ్బు, ఒకే మాత్ర, ఊరు మారితే లెక్క మారిపోవడం!

1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి తూకపురాళ్ళలాంటి ఏర్పాటు చేసింది. ప్రతి సరుకుకూ దాని చురుకును బట్టి ఒక సూచిక. రోగికి 24 సెకన్లు, మామూలు మనిషికి 12 అయితే నిష్పత్తి 2. సరుకు సూచిక 1 అయితే ఐఎన్ఆర్ కూడా 2. సూచిక 2 అయితే, రెండు రెళ్ళు నాలుగు. మొదటాయన నిశ్చింతగా ఇంటికి పోవచ్చు, రెండో ఆయన వెంటనే డాక్టరుకు చెప్పాలి. సెకన్లు చూస్తే ఇద్దరూ ఒకటే!

మా పిన్ని కాగితం మీద ‘నార్మల్ 1’ అని చూసి, బాబాయికి 2.5 వచ్చిందని రెండ్రోజులు మాత్ర మాన్పించింది. మాత్ర వేసుకోనివాళ్ళకి 1. వేసుకునేవాళ్ళలో చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. గుండె ఎడమ గదుల మధ్య లోహపు కవాటం ఉంటే 2.5 నుంచి 3.5 దాకా పెడతారు. తగ్గితే గడ్డ భయం, పెరిగితే నెత్తురు భయం. అదృష్టంకొద్దీ డాక్టరుగారి చెవిన పడింది.

పాలకూర, తోటకూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. అలాగని కూరలు మానెయ్యక్కర్లేదు. ఒక వారం రోజూ పప్పుకూర వండి, మరో వారం ఆకు మొహం చూడకపోతేనే అంకె ఊగుతుంది.

2010నుంచి వచ్చిన కొత్త మాత్రలకు ఈ పరీక్షతో పనిలేదు. లోహపు కవాటం ఉన్నవాళ్ళకు మాత్రం అవి పడవు. వాళ్ళకి ఇప్పటికీ ఆ పాడుగడ్డి వంశపు మందే దిక్కు.